పర్రె పడ్డ డాష్‌బోర్డు: కప్పాలా, అతకాలా, ఊడదీసి మార్చాలా?

కారు తలుపు తీసి, పర్రె పక్కన బొటనవేలితో ఒకసారి గట్టిగా నొక్కి చూడండి. మెత్తగా దిగి మళ్లీ పైకి లేస్తే మీది మూడు పొరల డాష్‌బోర్డు. అడుగున గట్టి ప్లాస్టిక్, మధ్యలో స్పాంజి, పైన తోలులా కనిపించే పీవీసీ. వేలు దిగకుండా, గోటితో కొడితే టక్‌టక్‌మంటే అది ఒంటిపొర గట్టి ప్లాస్టిక్. మన దగ్గర తిరిగే పాత చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది ఈ రెండోదే. కొంచెం ఖరీదైన మోడళ్లలో మొదటిది కనిపిస్తుంది. ఈ సంగతి తేల్చుకోకుండా దుకాణానికి పోతే, కంటిలో వేసే మందు చెవిలో పోసుకున్నట్టే.

నాది 2006 మోడల్ చిన్న కారు, గట్టి ప్లాస్టిక్ రకం. నల్లగొండలో పదేళ్లు ఆఫీసు ముందు ఎండలోనే నిలబడింది. అక్కడున్న ఒక్క వేపచెట్టు నీడ పొద్దున్నే వచ్చే బైకులకే సరిపోయేది. ముందు అద్దం కింద గాలి వచ్చే సందు దగ్గర మొదలైన పర్రె మొదట్లో వెంట్రుకంతే ఉండేది. రెండు ఎండాకాలాలు తిరిగేసరికి గ్లవ్‌బాక్సు వైపు జానెడు పాకింది. ఊరి రోడ్డెక్కితే చాలు, కిర్రుకిర్రుమని ఒకటే చప్పుడు. దీన్ని సరిచేసుకోవడానికి నాలుగేళ్లలో మూడు దారులు తొక్కాను. మ్యాట్ పరిచాను, రెగ్జిన్ అంటించుకున్నాను, చివరికి మొత్తం ఊడదీసి వేరేది బిగించాను. మొదటిదీ చివరిదీ చేసినందుకు బాధ లేదు. మధ్యలోదానికి పెట్టిన డబ్బు మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంది.

అసలు ఎందుకు పగులుతుంది

అమెరికాలో ఎడారి ఎండలకు పేరుపడ్డ అరిజోనాలో కొందరు పరిశోధకులు కార్లను ఎండలో, నీడలో నిలిపి లోపలి వేడి కొలిచారు. 2018లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఎండలో గంటసేపు ఉన్న కార్లలో డాష్‌బోర్డు సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. నీడలో ఉన్నవాటిలో 48 దగ్గర ఆగింది. మే నెలలో 45 డిగ్రీలు చూసే మనకు ఇది కొత్త వార్త కాదు, చెయ్యి పెట్టి చూసినవాళ్లకు తెలుసు. కానీ నీడకూ ఎండకూ 21 డిగ్రీల తేడా అన్నది గుర్తుంచుకోండి.

మెత్తటి రకం పగిలే తీరు అర్థం కావాలంటే బత్తాయి తొక్కను తలుచుకోవాలి. తోట నుంచి తెచ్చిన రోజు వంచితే వంగుతుంది, గిల్లితే నూనె చిమ్ముతుంది. నాలుగు రోజులు ఎండకు పెడితే నూనె ఎగిరిపోయి, ముడుచుకుని, వంచగానే విరుగుతుంది. పీవీసీని మెత్తగా ఉంచడానికి అందులో కలిపే నూనెలాంటి పదార్థం కూడా వేడికి ఇలాగే ఆవిరవుతుంది. ముందు అద్దం లోపలివైపు ఎంత తుడిచినా మళ్లీ పట్టే జిడ్డు మసకలో చాలావరకు అదే. నూనె పోయిన పొర కుంచించుకుపోతుంది, కింద ఉన్న చట్రం కుంచించుకోదు. ఆ లాగుడుకి ఎక్కడో ఒకచోట చీలుతుంది.

గట్టి రకం కథ వేరు. పగలు వేడికి సాగుతుంది, రాత్రి ముడుచుకుంటుంది. స్క్రూలు బిగించిన చోట మాత్రం కదలడానికి వీల్లేదు. అందుకే పర్రె ఎప్పుడూ స్క్రూ రంధ్రం దగ్గరో, ఏసీ గాలి సందు మూల దగ్గరో మొదలవుతుంది. ఏళ్ల తరబడి తగిలిన ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది కాబట్టి అక్కణ్నుంచి పాకడమే మిగిలింది.

ఇంకెన్నాళ్లు నడుపుతారు?

డాష్‌బోర్డు ఏ రకమో తేల్చుకున్నాక ఇది రెండో ప్రశ్న. సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లకు చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. నా కారుకు 2021లో ఒకసారి పొడిగింపు అయింది, మళ్లీ గడువు 2026. ఏడాదిలో అమ్మేసే కారుకు, ఆర్‌సీ ముగుస్తుంటే తుక్కుకు పంపుదామనుకునే కారుకు డాష్‌బోర్డు ఊడదీయడం శుద్ధ దండగ. కొనేవాళ్లు ఇంజిన్ చూస్తారు, టైర్లు చూస్తారు, పర్రె చూపించి రెండు మూడు వేలు తగ్గించమంటారు. తగ్గించేయండి. అంతకంటే చవగ్గా బాగుచేయడం కుదరదు.

మ్యాట్

డాష్‌బోర్డు ఆకారానికి కత్తిరించి కుట్టిన గుడ్డ పరుపు. నేను తొమ్మిది వందలు పెట్టాను. పావుగంట పని. పర్రె కనబడదు, ఎండ నేరుగా తగలదు కాబట్టి పాకడం కూడా కొంత నెమ్మదిస్తుంది. కిర్రుమనే చప్పుడు మాత్రం పోదు.

కొనేటప్పుడు రెండే చూడండి. ముదురు రంగు, మెరుపు లేనిది తీసుకోండి. లేత రంగుదైతే మధ్యాహ్నం దాని ప్రతిబింబం అద్దంలో పడి రోడ్డు కనబడదు. రెండోది, అద్దం కింద గాలి సందులకు కోతలు సరిగ్గా ఉన్నాయో లేదో వేసి చూసుకోవాలి. మామూలు రోజుల్లో ఆ సందులు గుర్తుకే రావు. వానాకాలంలో మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే, నలుగురి ఊపిరికి అద్దం మొత్తం పొగచూరినట్టయినప్పుడు వాటి విలువ తెలుస్తుంది. మ్యాట్ వాటిని మూసేసి ఉంటే ఒక చేత్తో గుడ్డ పట్టుకుని తుడుచుకుంటూ నడపాలి. నేను నడిపాను. ఇంటికొచ్చి కత్తెర తీశాను.

విదేశీ వీడియోల్లో డాష్‌బోర్డు మీద టోపీలా అతికే గట్టి ప్లాస్టిక్ పెంకులు చూసి చాలామంది అడుగుతుంటారు. అవి ఎక్కువగా అమెరికా కార్ల కొలతలకు చేసినవి. వాటికి స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, మన పాత మోడళ్లకు కూర్చోవు. ఆ ఆలోచన వదిలేయండి.

అతకడం

మెత్తటి రకానికి కొంతవరకు పనిచేస్తుంది. చీలిక అంచులు పైకి లేచి ఉంటే బ్లేడుతో కోసి, పర్రెను ‘వి’ ఆకారంలో వెడల్పు చేసి, వంగే గుణమున్న ఫిల్లర్ నింపి, గరుకు కాగితంతో రుద్ది, వినైల్ రంగు కొడతారు. ఇక్కడ ‘వంగే గుణం’ అన్న మాటే ప్రాణం. డబ్బా పుట్టీ, బండి సొట్టలకు పూసే పుట్టీ గట్టిపడి రాయిలా అవుతాయి. చుట్టూ ఉన్నది సాగుతుంటే అది సాగదు. తర్వాతి ఎండాకాలం అదే గీత మీద మళ్లీ తెరుచుకుంటుంది.

గట్టి రకానికి జిగురు కొనేముందు ప్లాస్టిక్ పేరు చూడాలి. గ్లవ్‌బాక్సు తీసి లోపలివైపు టార్చి వేస్తే ఎక్కడో అచ్చు గుద్ది ఉంటుంది. ఏబీఎస్ అని ఉంటే జిగురు పట్టుకుంటుంది. పీపీ అని ఉంటే, అంటే పాలీప్రొపిలీన్ అయితే, అరల్డైట్ పూసినా ఎండాక చిప్పలా ఊడొస్తుంది. దానికి కాల్చి అతకడమే దారి. పగిలిన బంపర్లు అతికేవాళ్లు వేడి పిన్నులు దించి, అదే రకం ప్లాస్టిక్ పుల్ల కరిగించి పోస్తారు. వెనకవైపు నుంచి చేస్తేనే బలం. వెనకవైపు చెయ్యి దూరాలంటే డాష్‌బోర్డు బయటికి రావాలి. అలా తిరిగి తిరిగి ఊడదీయడం దగ్గరికే వస్తాం.

ఒక చిన్న ఉపాయం మాత్రం ఎవరైనా చేసుకోవచ్చు. పర్రె ఆగిన చివర రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే, చీల్చే ఒత్తిడి ఆ గుండ్రంలో చెదిరిపోయి పాకడం ఆగుతుంది. నిజమైన చివర కంటికి కనబడే చోటు దాటి కాస్త అవతల ఉంటుంది, అక్కడ వేయాలి. వేసేముందు కింద వైర్లు లేవని చూసుకోండి. మీదో మ్యాట్ పరిస్తే ఏడాది రెండేళ్లు నిశ్చింత.

రెగ్జిన్

నేను తప్పులో కాలేసింది ఇక్కడే. సీట్లు కుట్టే ఆయన, ‘అన్నా, ఊడదీసుడు ఎందుకు, పైకెళ్లి అంటిస్త, కొత్తదాని లెక్కనే అయితది’ అన్నాడు. 3,500 అడిగాడు. సాయంత్రానికి నిజంగానే కొత్తదానిలా తయారైంది. ఇంట్లోవాళ్లు కూడా మెచ్చుకున్నారు. అది డిసెంబరు. ఏప్రిల్ చివరికి అద్దం అంచున రెగ్జిన్ వేలెడు పైకి లేచింది. మే నెలలో గాలి సందు చుట్టూ ఉబ్బి, లోపల గాలి చేరిన అప్పడంలా అయింది.

తప్పు ఆయనొక్కడిది కాదు, పైపైనే కానివ్వమని తొందరపెట్టింది నేనే. రెగ్జిన్ నిలబడాలంటే అంచులు కిందికి మడిచి వెనకవైపు అంటించాలి. పైపైన కోసి అంటిస్తే ఆ కోసిన అంచే ఎండకు ముందు లేస్తుంది. సీట్లకు వాడే మామూలు రెగ్జిన్ గుండ్రటి చోట్ల సాగక ముడతలు పడుతుంది. అన్నివైపులా సాగే గుడ్డ అడుగున్నది కావాలి. చెప్పుల షాపులో దొరికే మామూలు సొల్యూషన్ 70 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది, వేడి తట్టుకునే రకం అడిగి తీసుకోవాలి. రెండువైపులా పూసి, వేలికి అంటీ అంటనట్టు ఆరాకే అతకాలి. అంతకుముందు పాత పాలిష్ జిడ్డు మొత్తం కడిగి, గరుకు కాగితంతో రుద్ది ఉండాలి.

ఇవన్నీ చేస్తే రెగ్జిన్ మంచిదే, అందంలో దానికి సాటి లేదు. కానీ ఇవన్నీ చేయాలంటే డాష్‌బోర్డు కిందికి దిగాలి. దిగినప్పుడు పర్రె పడ్డదానికే చొక్కా తొడగడం కంటే, పర్రె లేనిదాన్ని తెచ్చి పెట్టడం తక్కువ పని.

పక్క సీటు ముందు ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారుకైతే రెగ్జిన్ గానీ, ఫిల్లర్ గానీ, మ్యాట్ గానీ ఆ మూత మీదికి రానే కూడదు. గుద్దుకున్నప్పుడు ఆ మూత రెప్పపాటులో చీలి తెరుచుకోవాలి. దాన్ని మనం అతికి కుట్టేస్తే అది ఉన్నా లేనట్టే. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి అయింది 2019 జులై నుంచి. అంతకుముందు కార్లలో టాప్ మోడళ్లకు ఉండొచ్చు, కింది మోడళ్లకు లేకపోవచ్చు. స్టీరింగ్ మీదా, గ్లవ్‌బాక్సు పైనా ‘ఎస్‌ఆర్‌ఎస్’ అక్షరాలున్నాయేమో చూడండి. ఉంటే ఊడదీసే పని సర్వీసు సెంటర్‌కు వదిలేయండి, ఇంటి దగ్గర వద్దు.

మొత్తం మార్చడం

కొత్తది కావాలంటే ఆర్‌సీ కాపీ తీసుకుని కంపెనీ స్పేర్ల కౌంటర్‌కు వెళ్లండి. చాసిస్ నంబరు కొట్టి భాగం నంబరు తీస్తారు. తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయిన మోడళ్లకు చాలాసార్లు ‘స్టాక్ లేదు’ అనే జవాబే వస్తుంది. ఉన్నా అది ఒట్టి పెంకే, గాలి సందులు, మూతలు, క్లిప్పులు విడివిడిగా కొనాలి.

కాబట్టి పాతదే దిక్కు. నల్లగొండ వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్‌లోకి అడుగుపెట్టేటప్పుడే వనస్థలిపురం ఆటోనగర్ తగులుతుంది, సిటీ ట్రాఫిక్‌లో ఈదే పని లేదు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చేవాళ్లు శంషాబాద్ దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఆ చివర దిగొచ్చు. బస్సులో వెళ్లకండి. డాష్‌బోర్డు నాలుగడుగుల పైనే ఉంటుంది, కండక్టర్‌తో పంచాయితీ. వెనక సీటు మడిచి మీ కారులోనే తెచ్చుకోండి. పనిలో పనిగా పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

అక్కడ దుకాణం లోపలి చీకట్లో చూసి బేరమాడొద్దు. ఎండలోకి తెచ్చి బోర్లా తిప్పండి. స్క్రూలు కూర్చునే ప్లాస్టిక్ గొట్టాలు ఒక్కొక్కటీ వేలితో కదిపి చూడండి, విరిగితే బిగించినా చప్పుడు ఆగదు. అద్దం అంచు పొడవునా గోరు నడిపించండి, రాబోయే పర్రె గోటికే ముందు తెలుస్తుంది. పాలిష్ కొట్టి నిగనిగలాడిస్తే గుడ్డతో తుడిచి మళ్లీ చూడండి. అదీ మన ఎండలోనే పుట్టి పెరిగిన కారుదని మరవొద్దు. మీ మోడల్‌లో ఏసీ ఉన్నదీ లేనిదీ, పవర్ విండో ఉన్నదీ లేనిదీ వేరువేరు రంధ్రాలతో వస్తాయి. మధ్యలో రూపం మార్చిన ఏడాది ఉంటే అటుదీ ఇటుదీ కలవవు. మీ దానిది ఫొటో తీసుకెళ్లి ఒక్కో రంధ్రం లెక్కపెట్టండి. 6,500 చెప్పినదాన్ని నేను నాలుగు వేలకు తెచ్చాను, గాలి సందులతో కలిపి.

మీటరు మాత్రం ఆ పాతదానిది వాడొద్దు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పేది మీ మీటరే. రేపు అమ్మేటప్పుడు లెక్క తేడా వస్తే మీరే దొంగలవుతారు. మీటరు, తాళం దగ్గరి ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో ఇంజిన్ స్టార్ట్ కానివ్వని పరికరం), వైర్లు మీవి మీరు ఉంచుకోండి. పెంకు ఒక్కటే మారాలి.

ఊడదీయడం నేనూ మా బామ్మర్దీ కలిసి శని, ఆదివారాలు రెండు రోజులు చేశాం. చేయి తిరిగిన మెకానిక్‌కు ఒక పూట పని. ముందు పది నంబరు పానాతో బ్యాటరీ నెగెటివ్ తీసి పక్కకు పెట్టాం. ముందు సీట్లు విప్పితే పడుకుని పనిచేయడానికి చోటొస్తుంది. చెప్పుల డబ్బా అట్ట మీద డాష్‌బోర్డు బొమ్మ గీసి, ఎక్కడి స్క్రూ తీస్తే బొమ్మలో అక్కడే గుచ్చుతూ పోయాం. ఇది మా బామ్మర్ది తెలివి. ఒకేలా కనిపించే స్క్రూల్లో పొడుగువి, పొట్టివి ఉంటాయి. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది దించితే కొత్త పర్రె మనమే పెట్టినట్టు.

స్టీరింగ్ మధ్య నట్టు తీసేముందు చక్రం మీదా, కడ్డీ మీదా మార్కర్‌తో గీత పెట్టాలి. లేకపోతే తర్వాత బండి తిన్నగా పోతుంటే స్టీరింగ్ వంకరగా ఉంటుంది. ఏసీ తిప్పే మీటల తీగలకు క్లిప్పు పట్టిన చోట నెయిల్ పాలిష్ చుక్క పెట్టాం, మా ఆవిడ సీసా ఖాళీ అయిందన్న మాట పక్కన పెడితే అది చాలా పనికొచ్చింది. పాత కార్లలో మీటరు వెనక స్పీడోమీటరు తీగ ఉంటుంది. దాని క్లిప్పు కనబడదు, చేత్తో తడిమి నొక్కాలి. అక్కడే గంటన్నర పోయింది.

అన్నీ విప్పామనుకుని లాగితే ఒక మూల కదల్లేదు. ‘బావా, ఇంకో గుంజుడు గుంజుదామా?’ అన్నాడు. నేను వద్దన్నాను. టార్చి పెట్టి చూస్తే తలుపు పక్క చిన్న గుండ్రటి మూత వెనక ఇంకో స్క్రూ దాక్కుని ఉంది. రాలేదంటే ఎక్కడో ఇంకో స్క్రూ ఉన్నట్టే, బలం చూపిస్తే విరిగేది చట్రమే. ఎండాకాలంలో ఉదయం పూట చేయండి. చలికాలంలో అయితే కాస్త ఎండ తగలనిచ్చి మొదలుపెట్టండి, చల్లబడ్డ పాత క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి.

ఇంతకీ మేం ఊడదీయడానికి దిగింది పర్రె కోసం కాదు. ఏసీ లోపలి కాయిల్ లీకైంది, దాన్ని మార్చాలంటే ఎలాగూ డాష్‌బోర్డు దిగాలన్నాడు మెకానిక్. గ్యాస్ దింపే పని ఆయనకు వదిలేసి, పెంకు దించడం, బిగించడం మేం చూసుకున్నాం. కూలీ సగం మిగిలింది. ఆ కాయిలే లేకపోతే ఈ పనికి నేను దిగేవాణ్ని కాదు, మిమ్మల్నీ దిగమనను.

అందుకే ఎవరైనా అడిగితే నా సలహా ఇలా ఉంటుంది. పర్రె ఒక్కటే బాధైతే చివర రంధ్రం వేసి, తొమ్మిది వందల మ్యాట్ పరిచి ఊరుకోండి. మెత్తటి రకంలో చిన్న చీలిక ఒక్కటే ఉంటే వంగే ఫిల్లర్‌తో ప్రయత్నించొచ్చు. ఏసీ కాయిల్, హీటరు, వైరింగ్ లాంటి పని ఏదైనా రాబోతోందని తెలిస్తే అప్పటిదాకా ఆగి, ఈలోపు మంచి పాత డాష్‌బోర్డు వెతికి ఇంట్లో పెట్టుకోండి. నీడలో, బోర్లించకుండా. రెగ్జిన్ మీద మనసుంటే అప్పుడే, దించినదానికి చేయించండి. పాత అంబాసిడర్ లాంటిది ప్రేమగా దాచుకునేవాళ్ల లెక్క వేరు, వాళ్లు నన్ను అడగరు.

బిగించినదాన్ని కాపాడుకోవడం గురించి ఒక మాట. మధ్యాహ్నం దాటాక నిలిపేటప్పుడు బండి ముక్కు తూర్పుకు పెట్టండి, పడమటి ఎండ వెనక అద్దం మీద పడుతుంది. మే రెండో వారం ప్రాంతంలో మాత్రం మిట్టమధ్యాహ్నం సూర్యుడు నల్లగొండకు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి. ఆ రోజుల్లో ముక్కు ఎటు తిప్పినా ఒకటే. అద్దానికి అడ్డుపెట్టే వెండి రంగు అట్ట డిక్కీలో ఉండాలి. నేనైతే ఇప్పుడు ఆఫీసుకు అరగంట ముందే వెళ్తున్నాను, వేపచెట్టు కిందికి బైకులు రాకముందే.